గద్దె దిగిన లఖాయి

లఖాయి ఎవరి మొహమూ చూడడని మా బజారులో అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. అది నిజమే. ఎదురుపడితే ముందు మన కాళ్ళే చూస్తాడు. చూసి, "సోనాయీ, మళ్ళీ మడమ పగిలింది. ఆవనూనె రాసుకో," అంటాడు. తల ఎత్తి మనిషిని పోల్చుకోవాలన్న ఆలోచనే రాదు ఆయనకు. గౌడ నగరపు కోటలో గద్దె బంటు. గద్దె ముందు నిలబడే బంటు తల ఎత్తకూడదు. తాత నాటి నుంచి వచ్చిన చాకిరీ కావడంతో ఆ మెడ అలా వంగి అలాగే స్థిరపడిపోయింది.

నేను కోట గుమ్మం దగ్గర తమలపాకులు అమ్మేదాన్ని. పొద్దున ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి బంట్ల కాపలా మారుతుంది. నగారా మోగగానే దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ గద్దెకు సలాం చేసి తలా ఒక తాంబూలం తీసుకుంటారు. ఆ తాంబూలాల బుట్ట నాది. అందుకే కొలువుకూటం వసారా దాకా నాకు అడ్డు ఉండేది కాదు. ఇప్పుడు చెప్పబోయేదంతా నా కళ్ళతో చూసిందే.

మా గౌడలో ఒక పద్ధతి ఉంది. గద్దె మీద ఎవరు కూర్చుంటే వాడే సుల్తాను. ఎవరి కొడుకు, ఎవరి మనవడు అని ఎవరూ అడగరు. నిన్నటివాణ్ణి పొడిచి వచ్చినా సరే, నగారా మోగే వేళకు ఆ మెత్త మీద ఉంటే చాలు. బంట్లు సలాం చేస్తారు. శుక్రవారం పెద్ద మసీదులో వాడి పేరు చదువుతారు. సంతలో కొనుక్కొచ్చిన బానిసలు కూడా అలా సుల్తానులయ్యారు. గద్దె మీద ఉన్నవాడి ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. గద్దె చెప్పిన మాటను మళ్ళీ గద్దే తియ్యాలి, ఇంకెవరూ తియ్యలేరు. అంతకుముందు ఏలిన హిందూ రాజులు కడిగిన ముత్యాలని నేననను. చంపుకోవడం అప్పుడూ ఉంది. దానికి ఇంత చక్కని పద్ధతి మాత్రం లేదు.

లఖాయి పని రోజూ పొద్దున్నే గద్దె మీది దుప్పటి తీసి మెత్త సర్దడం. సుల్తానులు మారారు కానీ దుప్పటి తీసే చెయ్యి మారలేదు. వాళ్ళందరినీ కాళ్ళతోనే గుర్తుపెట్టుకున్నాడు. ఒకాయన చీలమండ వాచి ఉండేదట. ఆయన కొడుకు గోళ్ళకు గోరింటాకు పెట్టుకునేవాడు. ఆ కొడుకుని చంపినవాడి మఖమల్ జోళ్ళ మీద మొదటి రోజు మరకలున్నాయట.

"ఏం మరకలయ్యా?" అని ఒకసారి అడిగాను.

"నువ్వు సున్నం ఎక్కువ వేస్తున్నావు సోనాయీ, నోరు పొక్కుతోంది," అన్నాడు.

అదీ మనిషి. ఆయన మంచితనం చూస్తే ముద్దొచ్చేది, ఆ మంచితనంలోని మొద్దుతనం చూస్తే ఒళ్ళు మండేది.

ఆయనకు వెనకా ముందూ ఉన్నది ఒక్క తమ్ముడు, నిధు. నది పొంగిన ఏడు తల్లీ తండ్రీ కొట్టుకుపోతే వాణ్ణి భుజాన వేసుకుని తెచ్చి పెంచాడు. చేపల పులుసులో మంచి ముక్క వాడికి, తల ముక్క తనకి. వాడికి పెళ్ళి చేసి చాంపా అనే పిల్లను తెచ్చాడు గానీ, తను మాత్రం పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. నిధుని కూడా బంట్లలో చేర్చడానికి చాలా తంటాలు పడ్డాడు. వాడు చిన్నప్పటి నుంచి తల పైకెత్తి నడిచే రకం. గద్దలను చూస్తాడు, పడవ తెరచాపలను చూస్తాడు, ఆడపిల్లలను చూస్తాడు. అలా చూస్తూ నడుస్తుంటేనే ఒక రోజు పలుగు మీద కాలు పడి ఎడమ కాలి చిటికెన వేలు పోయింది. అయినా బుద్ధి రాలేదు. వాళ్ళది మా పక్కిల్లే. పెరట్లో లఖాయి వాడి మెడ మీద చెయ్యి వేసి నొక్కి నేర్పించేవాడు.

"వంచరా. ఇంకా వంచు. నీ కాళ్ళే నీకు కనపడాలి."

"కనపడుతున్నాయన్నా. వేళ్ళు తొమ్మిదే ఉన్నాయి, కొత్తగా ఏం మొలవలేదు."

"నవ్వకురా. అక్కడ నవ్వితే నేను అడ్డుపడలేను."

ఆ మాటే అయింది. అప్పటి సుల్తానుకు ముక్కు మీద సెగ్గడ్డ లేచింది. ఆయన మొహానికి పల్చని గుడ్డ అడ్డం పెట్టుకుని కొలువుకు వచ్చాడు. ఊరంతా దాని గురించే గుసగుసలు. సలాం చేస్తూ నిధు ఒక్క క్షణం తల ఎత్తాడు. చూశాడు. ఆ చూడడం సుల్తాను చూశాడు. "ఆ కళ్ళు రేపు పొద్దున సలాం కాగానే తీసెయ్యండి," అన్నాడు, ఎండుటాకు ఊడవమన్నంత తేలిగ్గా. లఖాయి గద్దె పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు మెదపలేదు. తల ఎత్తలేదు. తమ్ముణ్ణి ఈడ్చుకుపోతుంటే ఆ తొమ్మిది వేళ్ళ కాళ్ళు రాతి మీద జారుకుంటూ పోవడం మాత్రం చూశాడు.

సాయంత్రం చాంపా బావగారి మీద విరుచుకుపడింది. నేను గోడకవతలే ఉన్నాను.

"పక్కనే ఉన్నావు కదా బావా. కాళ్ళ మీద పడొచ్చు కదా."

"గద్దె మాట అమ్మా. గద్దె తప్ప ఎవరూ తియ్యలేరు."

"గద్దె, గద్దె, గద్దె. నన్ను కట్టబెట్టే బదులు నీ తమ్ముణ్ణి ఆ కొయ్యముక్కకే ఇచ్చి పెళ్ళి చెయ్యలేకపోయావా?"

ఆయన చద్దన్నం గిన్నె ముందు పెట్టుకుని, చెయ్యి కడుక్కుని, అలా కూర్చుండిపోయాడు. ఆ అన్నం తెల్లారి కుక్కలకు పోసిందట చాంపా.

తెల్లారేసరికి కోటలో కథ మారిపోయింది. సుల్తాను స్నానాల గదిలో శవమై పడి ఉన్నాడు. పొడిపించినవాళ్ళు ఇద్దరు. ఒకడు గుర్రపు దళానికి పెద్ద, మలిక్ అల్మాసు. ఒకప్పుడు కళ్ళెం పట్టే బానిసగా వచ్చి, అంచెలంచెలుగా ఎదిగినవాడు. రెండోవాడు వజీరు. చంపడంలో ఇద్దరికీ మాట కుదిరింది గానీ, కూర్చోవడంలో కుదరలేదు. నేను బుట్టతో వసారాలోకి వెళ్ళేసరికి ఇద్దరూ గద్దె ముందు నిలబడి కత్తుల మీద చేతులు వేసుకుని వాదులాడుతున్నారు. ఇద్దరి మనుషులూ గోడల వారగా కాచుకుని ఉన్నారు. లఖాయి ఒక మూల దుప్పటి మడత పెట్టి చేత్తో పట్టుకుని, తన పని ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాడు.

బయట బంట్లు వరసల్లో నిలబడిపోయారు. నగారా వాడు కర్ర ఎత్తాడు. ఖాళీ గద్దె కనిపిస్తే బంట్లు బల్లేలు కింద పెట్టి ఇళ్ళకు పోతారు, అదీ పద్ధతే. ఆపైన ఎవరి మనుషులు ఎవరిని దోచినా అడిగేవాడుండడు. అది ఆ ఇద్దరికీ తెలుసు.

"ముందు ఎవణ్ణో ఒకణ్ణి కూర్చోబెడదాం. సలాం అయ్యాక మనం తేల్చుకుందాం," అన్నాడు వజీరు. చుట్టూ చూశాడు. "వీణ్ణి పెట్టు. వీడికి ముందూ వెనకా ఎవరూ లేరు."

లఖాయి నేల మీద కూలబడిపోయాడు. "అయ్యా, నేను దుప్పటి తీసేవాణ్ణి. నన్ను ఎక్కమనకండి."

అల్మాసు ఆయన్ని చంకల కింద పట్టి లేపాడు. అల్మాసు గొంతు చాలా మెత్తన, ఆ మాట ఒప్పుకోవాలి. "భయపడకు. కురాను మీద చెయ్యి వేసి చెబుతున్నాను. గద్దె మీద ఉన్నంతసేపు నీ ఒంటి మీద చెయ్యి వెయ్యను." నిజంగానే కురాను తెప్పించి ఒట్టు పెట్టాడు.

నగారా మోగింది. లఖాయి గద్దె మీద ఉన్నాడు. మాసిన పంచె, మోకాళ్ళ మీద ఆవనూనె మరకలు. బంట్లు బారులు తీరి లోపలికి వచ్చి వంగారు. ఒక్కడూ తల ఎత్తి చూడలేదు. వాళ్ళకు కనిపించినవి గద్దె ముందు కాళ్ళపీట మీద రెండు కాళ్ళు, పగిలిన మడమలతో. నాకు నవ్వు వచ్చింది. బుట్ట కింద మొహం దాచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకి నా మీద నాకే కోపం వస్తుంది.

సలాం అయింది. తాంబూలాలు పంచడం మొదలుపెట్టాను. అప్పుడు తలారి లోపలికి వచ్చి, నేలకేసి చూస్తూ, "నిధు కళ్ళ సంగతి గద్దె సెలవిచ్చి ఉంది. కానివ్వమంటారా?" అని అడిగాడు. పాపం, వాడి పని వాడు అడిగాడు. సుల్తాను చచ్చినా మాట చావలేదు కదా.

లఖాయి నోరు తెరిచాడు. పెదవులు తడుపుకున్నాడు. "వద్దు. ఆ మాట తీసేస్తున్నాను. నా తమ్ముణ్ణి వదిలెయ్యండి. బల్లెం ఇచ్చి వరసలో నిలబెట్టండి," అన్నాడు.

వజీరు అల్మాసు వైపు చూశాడు. తలారి సలాం చేసి వెళ్ళాడు. కాసేపటికి నిధు వచ్చాడు, బట్టలు మాసి, కాళ్ళకు బేడీల గాయాలతో. బల్లెం పుచ్చుకుని వరస చివర నిలబడ్డాడు. ఈసారి తల బాగా వంచాడు. లఖాయి ఆ కాళ్ళకేసి చూస్తూ ఏడ్చాడు. సంతోషం అంటే ఏమిటో ఆ మొహంలో చూశాను నేను, ఆ ఒక్కసారే.

అప్పుడు వజీరు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "ఇక దిగండి హుజూర్," అన్నాడు.

నిన్నటి దాకా "ఒరే దుప్పటీ" అని పిలిచినవాడు హుజూర్ అన్నాడు. ఆ ఒక్క మాటతో లఖాయికి అంతా అర్థమైంది. దిగిన సుల్తానులు ఏమయ్యారో ఆయనకు తెలియనిది కాదు. గద్దె ముందు నేల మీది నెత్తుటి మరకలు కడిగింది ఆయనే. రెండు చేతులతో గద్దె అంచులు గట్టిగా పట్టుకున్నాడు.

"దిగను," అన్నాడు.

పొద్దెక్కింది. దిగలేదు. ఎండ వసారా మెట్లు ఎక్కి దిగింది. దిగలేదు. దాహం అన్నాడు, మంచినీళ్ళు తెచ్చారు. ఆకలి అన్నాడు, బొరుగులు, తాటిబెల్లం తెచ్చారు. లేచి పోవడానికి భయం కనుక ఒంటికి కూడా అక్కడే కానిచ్చాడు. జరీ మెత్త తడిసి కంపు కొట్టింది. వజీరు మనుషులు ముక్కులు మూసుకుని నవ్వారు. గద్దె చుట్టూ బంట్లు కాపలా ఉన్నారు, వాళ్ళలో నిధు కూడా. అల్మాసు ఎదురుగా చాప మీద కూర్చుని ఖర్జూరాలు తింటూ ఎదురుచూశాడు. ఒట్టు తప్పే మనిషి కాడు. మధ్యాహ్నం నమాజు కూడా అక్కడే చేసుకున్నాడు.

వజీరు మధ్యాహ్నానికి వెళ్ళిపోయాడు, అలిసిపోయి. తన మనుషుల్ని అల్మాసు ఎప్పుడో కొనేశాడని ఇంటికి వెళ్ళాక గానీ తెలియలేదట ఆయనకు. ఆయన సంగతి అక్కడితో అయిపోయింది.

నేను తాంబూలం ఇచ్చే నెపంతో గద్దె దగ్గరికి వెళ్ళాను. ఆకు అందిస్తూ వంగి చెవిలో అన్నాను. "మూర్ఖుడా, నువ్విప్పుడు సుల్తానువి. ఆ అల్మాసు తల తియ్యమను. ఒక్క మాట చాలు. బంట్లు తీసేస్తారు. వాళ్ళకు ఎవరి మాటైనా ఒకటే."

ఆయన నా కాళ్ళకేసి చూశాడు. "అది నా పని కాదు సోనాయీ."

"మరి ఎన్నాళ్ళు కూర్చుంటావు?"

"వాడికి బల్లెం ఇచ్చారు చూశావా? మంచి బల్లెం. కొత్త పిడి."

ఆయన్ని అక్కడే రెండు చెంపలూ వాయించాలనిపించింది. గద్దె మీద ఉన్నాడని ఊరుకున్నాను. చూశారా, నాకూ ఆ పద్ధతి ఎముకల్లోకి ఎక్కింది.

పొద్దు వాలింది. ఏటి మీద నుంచి గాలి మొదలైంది. లఖాయి కళ్ళు మూతలు పడుతున్నాయి, తల ఊగుతోంది. అల్మాసు ఖర్జూరం గింజ చేతిలో పట్టుకుని కదలకుండా చూస్తున్నాడు. నిద్రలో దొర్లి కింద పడతాడని అతని ఆశ. నేనూ అదే భయపడ్డాను. మేమిద్దరం పొరబడ్డాం.

కాపలా మారే వేళ నగారా మోగింది.

లఖాయి ఉలిక్కిపడి లేచాడు. పుట్టినప్పటి నుంచి ఆ నగారా మోగితే ఆ ఒళ్ళు ఏం చేసేదో అదే చేసింది. గబగబా గద్దె దిగాడు. ఎప్పుడూ నిలబడే చోటికి పోయి, వెనక్కి తిరిగి, మెడ వంచి, ఖాళీ గద్దెకు సలాం చేశాడు.

నేను అరిచానేమో, గుర్తులేదు. అల్మాసు అరవలేదు. పరుగెత్తను కూడా లేదు. లేచి, చాప మీది నుంచి నాలుగడుగులు వేసి, తడిసిన మెత్త పక్కకు నెట్టి కూర్చున్నాడు. సలాం పూర్తి చేస్తున్న లఖాయికి పీట మీద ఎర్ర తోలు చెప్పులు కనిపించాయి. అప్పుడు తెలిసింది ఏం చేశాడో. తల ఎత్తలేదు. ఇంకా కిందికి వంచాడు.

ఎక్కే బంట్లు, దిగే బంట్లు అందరూ వంగారు. నిధు కూడా వంగాడు.

"నిన్ను చంపను," అన్నాడు అల్మాసు. అదే మెత్తని గొంతు. "పొద్దున నువ్వు లేకపోతే ఊరు తగలబడేది. కానీ ఒకసారి కూర్చున్నవాడు మళ్ళీ కూర్చోవచ్చు. గుడ్డివాడు కూర్చోలేడు. నీ తమ్ముడి మీది మాట నువ్వు తీసేశావు, నేను దాన్ని కదపను. వాడి కళ్ళు వాడివే." తర్వాత వరస చివరికి చూశాడు. "తొమ్మిది వేళ్ళవాడా, ఇలా రా. గద్దె మీద ఇప్పుడెవరున్నారు?"

నిధు తల వంచుకునే, "సుల్తాను," అన్నాడు.

"అయితే పని నువ్వే చెయ్యి."

నిధు కదలలేదు. అప్పుడు లఖాయే మోకాళ్ళ మీద కూర్చుని నేలకేసి చూస్తూ మాట్లాడాడు. "కానివ్వరా. నువ్వు చెయ్యకపోతే ఇద్దరివీ పోతాయి. చెయ్యి వణకనీకు, వణికితే నాకే నొప్పి."

తలారి కుంపటి తెచ్చాడు. సూదులు కాల్చాడు. ఒక చేత్తో లఖాయి మొహాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ఆయన మొహం అంత పైకి లేవడం నేనెప్పుడూ చూడలేదు. నిధు సూది పుచ్చుకున్నాడు. తలారే రెండో చేత్తో వాడి మణికట్టు పట్టి సూదిని చోటుకి చేర్చాడు. నేను వసారా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను, చూపు తిప్పుకోలేదు. ఎవరో ఒకరు చూడాలి కదా. లఖాయి మొదటిసారి పెద్దగా అరిచాడు. రెండోసారి అరవలేదు.

పని కాగానే నిధు సూది కింద పెట్టి, వెనక్కి తిరిగి, గద్దెకు సలాం చేశాడు. నా బుట్టలోంచి తాంబూలం తీసుకున్నాడు. తీసుకోకపోతే తప్పు.

అల్మాసు చాలా ఏళ్ళు ఏలాడు. చెరువులు తవ్వించాడు, బీదలకు అన్నం పెట్టించాడు, ఇటుకతో ఎత్తైన మసీదు కట్టించాడు. ధర్మాత్ముడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన తర్వాత ఆయన కొడుకు కూర్చున్నాడు. లఖాయి కూర్చున్న పగలు ఎవరి లెక్కలోనూ లేదు. దుప్పటి తీసే పని నిధుకి ఇచ్చారు, నదికవతల పొలం కూడా.

లఖాయిని నేను నా అంగడి అరుగు మీద పెట్టుకున్నాను. చాంపా పొద్దునా సాయంత్రం అన్నం తెచ్చి కలిపి పెట్టేది. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడేది కాదు. నిధు రోజూ ఆ దారినే కోటకు పోయేవాడు. అరుగు ముందు ఒక్క క్షణం ఆగేవాడు. లఖాయి, "వచ్చావా?" అనేవాడు. తొమ్మిది వేళ్ళ అడుగు చప్పుడు పోల్చుకునేవాడు. నిధు, "ఆఁ అన్నా," అని వెళ్ళిపోయేవాడు. వాడికి నేను ఆకు అమ్మలేదు. చచ్చేదాకా అమ్మను. వాడు చెయ్యకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. తెలిసీ అమ్మను.

సాయంత్రం నగారా మోగినప్పుడల్లా లఖాయి అరుగు మీద లేచి నిలబడి కోట వైపు వంగేవాడు. మొదట్లో దిక్కు తప్పేవాడు, పశువుల సంతకేసి సలాం చేసేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. నేనే భుజాలు పట్టి సరైన వైపు తిప్పేదాన్ని. ఎందుకు తిప్పేదాన్నో నన్నడగకండి.

ఆఖరి జ్వరంలో ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"సోనాయీ, నువ్వు అబద్ధం చెప్పవు. ఆ రోజు సూది పట్టుకున్నప్పుడు వాడు నా మొహం చూశాడా?"

చూశాడని చెబితే ఏం పోయేది? ఈ పాపిష్టి నోటికి ఆ మాట రాలేదు.

"లేదు. తల ఎత్తలేదు. నీ కాళ్ళకేసే చూస్తూ ఉన్నాడు."

ఆయన వేళ్ళతో తన మెడ వెనక తడుముకున్నాడు, ఎవరిదో మెడ నొక్కుతున్నట్టు.

"నేర్చుకున్నాడు," అన్నాడు. "ఇక వాడికి భయం లేదు."

తడిగుడ్డ మార్చి నుదుటి మీద వేశాను. సాయంత్రం నగారా మోగినప్పుడు ఆయన లేవలేదు.